ఫోర్క్‌లిఫ్ట్ బోల్తా పడితే తప్పెవరిది? స్టూడియో చర్చ పాఠం

సమన్వయకర్త: గోదాములో సరుకు ఎత్తి దించే ఫోర్క్‌లిఫ్ట్ బండి బోల్తా పడి డ్రైవరు మరణించగా, అతడు సీటు బెల్టు పెట్టుకోకపోవడమే కారణమని యాజమాన్యం ప్రకటించడం వివాదమైంది. ఇరుపక్షాలకూ సమాన సమయం ఇస్తాం. కెమెరాలు, సెన్సర్లు ఉంటే ఈ ప్రాణం నిలిచేది కాదా?

మాజీ మేనేజరు: ముందు బెల్టు సంగతి తేల్చండి. బండి ఒరుగుతున్నప్పుడు బయటికి దూకితే, తలపైన ఉండే రక్షణ చట్రమే వచ్చి మనిషి మీద పడుతుంది. సీట్లోనే ఉండి, స్టీరింగు గట్టిగా పట్టుకొని, ఒరిగే వైపుకు వ్యతిరేక దిశలో వాలాలని శిక్షణలో చెబుతారు. వినకపోతే ఎవరేం చేస్తారు?

భద్రతా ఇంజనీరు: అసలు బండి ఎందుకు ఒరిగింది? ముందు రెండు చక్రాలనూ వెనుక ఇరుసు మధ్యభాగాన్నీ కలిపే త్రిభుజాన్ని దాటి గురుత్వ కేంద్రం బయటికి పోతే ఏ బండీ నిలవదు. బరువును పైకెత్తి మలుపు తిప్పితే...

మాజీ మేనేజరు: ఎత్తి తిప్పింది ఎవరండీ? నేనూ అదే అడుగుతున్నాను!

కార్మిక నాయకురాలు: గంటకు ఇన్ని ప్యాలెట్లు, అంటే సరుకు పేర్చిన చెక్క బల్లలు, దించాలని లక్ష్యం పెట్టింది ఎవరు? పైగా భార కేంద్రం, అంటే సరుకు బరువు మధ్యబిందువు, ఎత్తే కొమ్ముల మొదలు నుంచి 500 మిల్లీమీటర్ల దూరంలో ఉన్నప్పుడు 2 టన్నులు మోసే బండి, సరుకు పొడవై ఆ కేంద్రం ముందుకు జరిగితే అంత మోయలేదు. ఆ లెక్క ఉండే పలక మీదనే రంగు పూసేస్తే డ్రైవరు ఏం చదువుతాడు?

(అతిథులు ఒకేసారి మాట్లాడడంతో కొన్ని వాక్యాలు వినిపించలేదు.)

సమన్వయకర్త: సెన్సరు ఉంటే వేగం దానంతట అదే తగ్గేది కదా?

భద్రతా ఇంజనీరు: కొన్ని బండ్లలో ఆ ఏర్పాటు ఉంది. కాని స్టీరింగు తిప్పితే తిరిగేవి వెనుక చక్రాలు కాబట్టి, మలుపులో బండి తోక బయటికి విసురుగా వస్తుంది. పక్కన నడిచేవారిని కాపాడాలంటే కెమెరా కంటే ముందు నడకదారికి కంచె కావాలి.

మాజీ మేనేజరు: కంచె వేస్తే దూకి వస్తారు. బూట్లు ఇస్తే చెప్పులతో వస్తారు, ప్యాలెట్లను కదిలించే చిన్న బండి, ప్యాలెట్ ట్రక్కు, కింద పాదం నలిగాక మమ్మల్ని అంటారు. నేను చెప్పేది ఒక్కటే, బెల్టు...

కార్మిక నాయకురాలు: నన్ను ఒక్క వాక్యం పూర్తి చేయనివ్వండి. ఆ బండిలో బెల్టు లాక్...

సమన్వయకర్త: క్షమించండి, సమయం మించిపోయింది. మేనేజరు గారూ, సెన్సర్ల ఖర్చు యాజమాన్యాలు భరించగలవా? ముగింపు మాట మీదే.

మాజీ మేనేజరు: సెన్సర్లు తర్వాత. ముందు బెల్టు పెట్టుకోమనండి.