డెల్ సిస్టమ్‌కి బయటి ర్యామ్ పడుతుందా? స్టిక్కర్ చదవడం నేర్చుకుందాం

హలో అందరికీ, నమస్తే. టేబుల్ మీద ఉన్నది మా మామయ్య సిస్టమ్. డెల్ ఆప్టిప్లెక్స్ 3050, స్మాల్ ఫామ్ ఫ్యాక్టర్, అంటే ఈ సన్నటి డబ్బా. ఐ5-7500 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్. ఆఫీసుల్లో వాడేసి తీసేసినవి సెకండ్ హ్యాండ్‌లో బోలెడు దొరుకుతాయి కాబట్టి మీలో చాలామంది ఇళ్లలో ఇదో, దీని తమ్ముడో ఉండే ఉంటుంది.

మామయ్యకి సూర్యాపేటలో డీటీపీ సెంటర్ ఉంది. పెళ్లి కార్డులు, ఫ్లెక్సీలు. ఫొటోషాప్, తెలుగు టైపింగ్‌కి అనూ స్క్రిప్ట్ మేనేజర్, క్రోమ్‌లో వాట్సాప్ వెబ్, ఈ మూడూ పొద్దున తెరిస్తే రాత్రి షట్టర్ వేసేదాకా నడుస్తూనే ఉంటాయి. పెద్ద ఫ్లెక్సీ ఫైల్ తెరిచాడంటే మౌస్ కూడా కదలదు. ఎదురుగా కూర్చున్న కస్టమర్ ‘అన్నా, నా ఫొటో ఇంకొంచెం పెద్దగా పెట్టు’ అంటాడు. సిస్టమ్ హ్యాంగ్. ఈయన టీ తెప్పిస్తాడు. రోజుకి ఎన్ని టీలో!

‘ఏం అల్లుడూ, ర్యామ్ వేయిద్దామంటే కంపెనీదే వెయ్యాలట కదా, బయటిది పట్టదట కదా?’ అని అడిగాడు. ఈ వీడియో ఆ ప్రశ్న కోసమే.

ముందు ఒక్క మాట. ర్యామ్ కొనేముందు అసలు తక్కువైంది ర్యామేనా అన్నది చూడండి. టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో మెమరీ మీద నొక్కండి. మామయ్య సిస్టమ్‌లో ఫొటోషాప్ తెరవగానే 95 శాతం దాటింది. కాబట్టి ఇక్కడ అనుమానం లేదు. మీ దాంట్లో ర్యామ్ సగమే నిండి, డిస్క్ మాత్రం 100 శాతంలో కూర్చుంటే, ఇంకా పాత హార్డ్ డిస్కే ఉంటే, ఆ డబ్బులు హార్డ్ డిస్క్ బదులు వేసే వేగమైన ఎస్ఎస్‌డీకి పెట్టండి. ఇంకోటి, ఈ ఏడో తరం ప్రాసెసర్‌కి విండోస్ 11 అధికారికంగా రాదు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. ఇది తెలిసే ఖర్చు పెట్టండి. మామయ్యకి చెప్పాను. ‘కొత్త సిస్టమ్ నువ్వు కొనిస్తావా?’ అన్నాడు. సరే, ర్యామే.

అదే పేజీలో కుడివైపు కింద మూడు విషయాలు ఉంటాయి. స్పీడ్ 2400. స్లాట్లు రెండింట్లో ఒకటి వాడుతోంది. ఫామ్ ఫ్యాక్టర్ డిమ్, అంటే డెస్క్‌టాప్‌లో వేసే పొడవాటి ర్యామ్ స్టిక్. ఒక స్లాట్ ఖాళీ, కొత్తది పక్కన పెట్టుకోవచ్చు. ఇదే 3050లో మైక్రో అని అరచేతంత డబ్బా ఒకటి ఉంది. దానికి ల్యాప్‌టాప్‌లో వేసే చిన్న సోడిమ్ కావాలి. షాపుకెళ్లి ‘3050కి ర్యామ్ ఇవ్వు’ అని మాత్రమే అడిగితే అక్కడే తప్పు జరుగుతుంది. ఇంకొంచెం పాత 3040 అయితే దీనిలా డీడీఆర్4 తరం ర్యామ్ కూడా కాదు, అంతకు ముందు తరం డీడీఆర్3ఎల్. పేరులో తేడా ఒక్క అంకె!

ఇప్పుడు మూత తీశాను. పాత స్టిక్ బయటికి తీసి కెమెరా దగ్గర పెడుతున్నా. స్టిక్కర్ మీద ఏముందో కలిసి చదువుదాం. 8జీబీ 1ఆర్ఎక్స్8 పీసీ4-2400టీ-యూఏ2-11. కింద ఎం378తో మొదలయ్యే పార్ట్ నంబర్. ఎవరిదో తెలుసా? శాంసంగ్‌ది. డెల్ సిస్టమే, కానీ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ర్యామ్ శాంసంగ్‌ది. డెల్ మెమరీ చిప్‌లు తయారు చేయదు. ప్రపంచంలో ఈ చిప్‌లు చేసేది ముఖ్యంగా శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. కాబట్టి మామయ్యా, ‘కంపెనీ ర్యామ్’ అంటే ఇదే, వీళ్లలో ఒకరిది.

ఆ లైన్‌లో ఒక్కో ముక్క చూద్దాం. పీసీ4 అంటే డీడీఆర్4. 2400 అంటే వేగం. కొన్ని స్టిక్‌ల మీద దీన్నే పీసీ4-19200 అని రాస్తారు, 2400ని ఎనిమిదితో గుణిస్తే వచ్చేది అదే, కంగారు పడకండి. 1ఆర్ అంటే ఒక ర్యాంకు, అంటే కలిసి పని చేసే చిప్‌ల గుంపు ఒకటే, ఎక్స్8 అంటే చిప్‌ల రకం. ఇక 2400టీ తర్వాత గీత పక్కన ఉన్న ‘యూ’ చూడండి. మొత్తం స్టిక్కర్‌లో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన అక్షరం అదే. యూ అంటే అన్‌బఫర్డ్, డెస్క్‌టాప్‌ది. ఎస్ ఉంటే ల్యాప్‌టాప్‌ది. ఆర్ ఉంటే సర్వర్‌ది.

ఆ ‘ఆర్’ నాకెలా తెలుసంటే, డబ్బులు పోగొట్టుకుని నేర్చుకున్నా. రెండేళ్ల క్రితం ఒక షాపులో 16 జీబీ స్టిక్ మరీ చౌకగా ఇస్తున్నాడు. ‘డీడీఆర్4 అన్నా, ఏ సిస్టమ్‌కైనా పడుద్ది’ అన్నాడు. నిజంగానే పట్టింది! స్లాట్‌లో చక్కగా కూర్చుంది, గాడి కూడా సరిపోయింది, ఎందుకంటే డీడీఆర్4లో సర్వర్ స్టిక్‌కీ మామూలు స్టిక్‌కీ 288 పిన్లే, గాడి కూడా ఒకచోటే. కానీ పవర్ నొక్కితే స్క్రీన్ నల్లగానే ఉంది. పవర్ బటన్ రెండుసార్లు నారింజ రంగులో, మూడుసార్లు తెల్లగా వెలుగుతోంది. ఎన్నిసార్లు వెలిగితే ఏ తప్పో మీ మోడల్ డెల్ మాన్యువల్‌లో ఉంటుంది. మీ దాంట్లో వెలిగితే లెక్కపెట్టండి. వాపస్ అడిగితే ‘స్టిక్కర్ చూసే తీసుకున్నావు కదన్నా’ అన్నాడు. చూశాను, చదవలేదు. ఇదిగో, ఆ స్టిక్ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. 2ఆర్ఎక్స్4, గీత పక్కన ఆర్. పేపర్ వెయిట్‌గా వాడుతున్నా.

సరే, మామయ్య కోసం నేను చూసినవి మూడు.

మొదటిది కింగ్‌స్టన్ కేసీపీ424ఎన్ఎస్8/8. కేసీపీ అంటే బ్రాండెడ్ సిస్టమ్‌ల కోసమే కింగ్‌స్టన్ అమ్మే సిరీస్. వాళ్ల సైట్‌లో మీ మోడల్ కొడితే సరిపోయే నంబర్ చూపిస్తుంది. మైక్రో, టవర్ కలగాపులగం కాకుండా సరైనది ఎంచుకోండి.

రెండోది కింగ్‌స్టన్‌దే వేల్యూర్యామ్, కేవీఆర్32ఎన్22ఎస్8/8. ఇది 3200 స్పీడ్‌ది. ‘మన బోర్డు 2400 కదా, పాడైపోదా?’ అని అడుగుతారు. ఏమీ కాదు, బోర్డు ఎంత చెబితే అంతకే పరిగెడుతుంది, అంటే 2400కే. కానీ ఇక్కడ ఒక తిరకాసు ఉంది. ఇదే సిరీస్‌లో ఎస్6/8 అని ఇంకో స్టిక్ దొరుకుతుంది. ధర కొంచెం తక్కువ. ఆ 6 అంటే ఎక్స్16 చిప్‌లు, అంటే ఎనిమిది చిప్‌ల పనిని నాలుగే చేస్తాయి. పని చేస్తుంది గానీ కాస్త నెమ్మది. నేనైతే ఆ కాస్త డబ్బు ఆదా చేయను. ఎస్8 అని ఉన్నదే అడగండి. 16 జీబీ స్టిక్ కావాలంటే మాత్రం ఈ 2017 బోర్డుకి ఎస్ కాకుండా డీ ఉన్నది, అంటే రెండు ర్యాంకులది తీసుకుంటా. ఎస్ ఉన్న 16 జీబీలో వాడే పెద్ద చిప్‌లు ఈ బోర్డు పుట్టిన తర్వాత వచ్చినవి.

మూడోది ఇదిగో, పైన రేకు, లైట్లు ఉన్న గేమింగ్ ర్యామ్. పెట్టె మీద 3600 అని ఉంది. ఆ స్పీడ్ రావాలంటే బయోస్‌లో, అంటే విండోస్ కన్నా ముందు తెరిచే సెట్టింగుల్లో, ఎక్స్ఎంపీ అనే ఆప్షన్ ఆన్ చేయాలి, వోల్టేజ్ మామూలు 1.2 నుంచి 1.35కి పెంచాలి. ఈ డెల్ బయోస్‌లో అసలు ఆ ఆప్షనే లేదు. లైట్లు మూత కింద వెలుగుతాయి. ఎవరు చూస్తారు, బల్లులా?

నాలుగో దారి సెకండ్ హ్యాండ్. పాత ఆఫీసు సిస్టమ్‌ల నుంచి తీసిన శాంసంగ్, హైనిక్స్ స్టిక్‌లు సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్ లాంటి చోట్ల దొరుకుతాయి. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు ఎలా పెరిగాయో చూస్తూనే ఉన్నారు. చిప్‌ల కంపెనీలన్నీ ఏఐ డేటా సెంటర్ల వైపు మళ్లాయి. క్రూషియల్ పేరుతో మామూలు జనానికి అమ్మే ర్యామ్‌ని ఆపేస్తున్నామని మైక్రాన్ 2025 డిసెంబర్‌లో ప్రకటించేసింది. కాబట్టి సెకండ్ హ్యాండ్‌ని తీసిపారేయను. శాంసంగ్ అయితే పార్ట్ నంబర్ ఎం378తో మొదలవ్వాలి. ఎం471 ల్యాప్‌టాప్‌ది, ఎం393 సర్వర్‌ది. షాపులోనే పెట్టి ఆన్ చేసి చూపించమనండి.

మామయ్యకి రెండోది వేశాను, వేల్యూర్యామ్ 8 జీబీ. వేసేటప్పుడు పవర్ కేబుల్ పీకి, బటన్ ఒకసారి నొక్కి, చేత్తో ఇనుప బాడీని ముట్టుకుని మొదలుపెట్టండి. గాడి చూసుకుని రెండు చివర్లా సమానంగా నొక్కితే క్లిప్ టక్‌మని పడుతుంది. ఒక చివరే పడి రెండోది కాస్త లేచి ఉండటం, ‘ర్యామ్ పట్టలేదు’ అని నాకు వచ్చే ఫోన్లలో సగం ఇదే.

ఆన్ చేయగానే మెమరీ సైజు మారిందని ఒక మెసేజ్ వచ్చింది. భయపడకండి, మీరే మార్చారు కదా. ఎఫ్2 కొట్టి బయోస్‌లో చూస్తే 16 జీబీ, 2400, ఛానెల్ మోడ్ డ్యుయల్, అంటే రెండు స్టిక్‌లూ రెండు దారుల్లో ఒకేసారి పని చేస్తున్నాయి. పాతది శాంసంగ్, కొత్తది కింగ్‌స్టన్, అయినా రెండూ 8 జీబీ, రెండూ 1ఆర్ఎక్స్8 కాబట్టి జోడీ కుదిరింది. దీంట్లో గ్రాఫిక్స్ కార్డ్ లేదు, స్క్రీన్ బొమ్మకి కూడా ఈ ర్యామే వాడుకుంటుంది. అందుకే రెండు ఛానెళ్లూ పని చేయడం ముఖ్యం. రాత్రంతా ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 నడిపాను. ఉచిత వెర్షన్ నాలుగు రౌండ్లు తిరుగుతుంది. ఒక్క ఎర్రర్ కూడా రాలేదు. ఒక్కటి వచ్చినా ఆ స్టిక్ వాపస్ ఇచ్చేవాణ్ణి, మొహమాటం లేదు.

వారంటీలో ఉన్న సిస్టమ్ అయితే పాత స్టిక్ పారేయకండి. సర్వీస్ ఇంజనీర్ వచ్చే రోజు బయటి స్టిక్ తీసేసి కంపెనీ స్టిక్ ఒక్కటే పెట్టి ఉంచండి, తప్పు దేనిదన్న వాదనే రాదు.

మామయ్య ఇప్పుడు ఫ్లెక్సీ, పెళ్లి కార్డు రెండూ ఒకేసారి తెరిచి పని చేస్తున్నాడు. నిన్న ఫోన్ చేసి, ‘అల్లుడూ, రెండు స్లాట్లలోనూ పదహారు పదహారు వేస్తే 32 అవుతుంది కదా’ అన్నాడు. అవుతుంది, ఈ డబ్బాకి డెల్ చెప్పిన గరిష్ఠం కూడా అదే. ‘ధరలు దిగనీ మామయ్యా’ అన్నా.

మీ సిస్టమ్‌లో ఉన్న స్టిక్‌ది ఫొటో తీసి, ఆ పార్ట్ నంబర్ కామెంట్‌లో పెట్టండి, ఏది పడుతుందో చెబుతా. డబ్బా వెనక ఉన్న సర్వీస్ ట్యాగ్, అంటే మీ సిస్టమ్‌ని గుర్తుపట్టే నంబర్, మాత్రం పెట్టొద్దు.