ఇడైసెవల్ నుంచి ఒక తెలుగింటి తమిళ రచయిత

శ్రోతలకు నమస్కారం.

తిరుపతిలో ఉండేవాళ్ళకు ఇది కొత్త కాదు. బస్టాండులోనో, గోవిందరాజుల గుడి దగ్గరో కూర్చుంటే పక్కన ఒక కుటుంబం ఉంటుంది. గుండ్లు చేయించుకుని, నెత్తికి గంధం పూసుకుని, లడ్డూ సంచులు ఒళ్ళో పెట్టుకుని ఉంటారు. మాటలన్నీ తమిళమే. అంతలో పిల్లవాడు ఏదో తుంటరి పని చేస్తాడు, అవ్వ కసురుకుంటుంది. ఆ కసురు మటుకు తెలుగు. మన తెలుగు మాదిరి ఉండదు, కానీ తెలుగే. ఏ ఊరమ్మా అంటే కోవిల్‌పట్టి అనో, శంకరన్‌కోవిల్ అనో చెప్తారు. మీరు తెలుగువాళ్ళా అంటే, "ఇంట్లో మాట్లాడుకుంటాం" అంటారు.

అలాంటి ఇంట్లో పుట్టి, తమిళంలో రాసి, తమిళంలోనే పెద్ద రచయిత అయిన ఒకాయన గురించి ఈ పూట మాట్లాడుకుందాం. ఆయన పేరు కి. రాజనారాయణన్. తమిళులు ముద్దుగా కి.రా. అంటారు. ఊరు దక్షిణ తమిళనాడులో కోవిల్‌పట్టి పక్కన ఇడైసెవల్. పుట్టింది 1923లో.

వాళ్ళ పెద్దలు అంత దూరం ఎలా పోయారు? చరిత్ర పుస్తకాలు విజయనగర కాలం గురించి, మధుర నాయకుల గురించి చెప్తాయి. సైన్యంతో పోయినవాళ్ళు కొందరు, నేల వెతుక్కుంటూ పోయినవాళ్ళు కొందరు. ఇళ్ళలో అవ్వలు మటుకు వేరే సంగతి చెప్తారు. మా ఇంటి ఆడబిడ్డ మీద ఒక రాజు కన్ను పడింది, ఆ పిల్లను ఇవ్వలేక రాత్రికి రాత్రి బయలుదేరాం, వెనక సైనికులు, ముందు నిండు ఏరు. అప్పుడు అవతలి గట్టున ఉన్న కానుగ చెట్టు వంగింది, దాని మీద నడిచి దాటాం, మేం దాటగానే చెట్టు మళ్ళీ నిటారుగా నిలబడింది అని. ఒక్క కులంవాళ్ళే కాదు, దక్షిణాదికి పోయిన తెలుగువాళ్ళలో వేరే వేరేవాళ్ళు కొంచెం కొంచెం తేడాతో ఇదే చెప్పుకుంటారు. కానుగ చెట్టును మొక్కేవాళ్ళు కూడా ఉన్నారు. నిజమా కాదా అని నేను తేల్చను. కి.రా. కూడా తేల్చలేదు. 1976లో వచ్చిన 'గోపల్ల గ్రామం' నవలలో దీన్ని నిండా ముసలిదైన ఒక అవ్వ నోట చెప్పించి, ఆయన పక్కకు తప్పుకున్నారు. రచయిత తనే చెప్పి ఉంటే మనం వాదనకు దిగేవాళ్ళం. అవ్వ చెప్తుంటే ఎవరు వాదిస్తారు? ఊ కొడతాం. దాని తరవాయి నవలకు 1991లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది.

ఆయన బడి చదువు ఎనిమిదో తరగతి దాటలేదు. ఎవరైనా ఇంటర్వ్యూకు వచ్చి చదువు గురించి అడిగితే ఆయన చెప్పే జవాబు ఒకటుంది. వాన పడుతుంటే తలదాచుకోవడానికి బడిలోకి పోయాను, అక్కడ కూడా బడిని చూడకుండా వాననే చూస్తూ ఉండిపోయాను అనేవారు. వ్యవసాయం చేశారు. వయసులో ఉండగా క్షయ పట్టుకుంది, బతికి బయటపడ్డారు. కమ్యూనిస్టు పార్టీలో, రైతుల పోరాటాల్లో తిరిగి జైలుకూ వెళ్ళారు. కథలు అచ్చులో కనబడేసరికి ముప్పై ఐదేళ్ళు. ఇది వింటున్న ముప్పై ఐదేళ్ళవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త కుదుటపడండి.

అదే ఊళ్ళో, అదే ఏడాది, అదే నెలలో ఇంకొకాయన పుట్టాడు. కు. అళగిరిసామి. ఆయనదీ తెలుగిల్లే. ఇద్దరూ ప్రాణస్నేహితులు. ఇద్దరికీ సంగీతం పిచ్చి. త్యాగరాజ కీర్తన వింటే పక్కవాళ్ళకు రాగం అందుతుంది, వీళ్ళకు మాట కూడా అందుతుంది కదా. తెన్కాశి వైపు రసికమణి అని పేరుబడ్డ టి.కె. చిదంబరనాథ ముదలియార్ దగ్గర కూర్చుని కంబ రామాయణం ఎలా రుచి చూడాలో నేర్చుకున్నారు. అళగిరిసామి మద్రాసు పోయి పత్రికల్లో పనిచేశారు, మలేసియా పోయి 'తమిళ్ నేసన్' పత్రికలో కొన్నేళ్ళున్నారు, కథలు రాశారు, విమర్శ రాశారు, గోర్కీని అనువదించారు, అణ్ణామలై రెడ్డియార్ కావడిచిందు పాటలను సరిచూసి అచ్చువేశారు. రెడ్డియార్ అన్న పేరు విన్నారు కదా, అక్కడ కూడా మనవాళ్ళ వాసన ఉంది. నలభై ఏడు నిండకుండానే 1970లో అళగిరిసామి పోయారు. సాహిత్య అకాడెమీ అవార్డు ఆ ఏడాదే, పోయిన తరవాత వచ్చింది. ఒకే పల్లె, ఇద్దరు స్నేహితులు, రెండు అవార్డులు. ఇద్దరివీ తెలుగిళ్ళే.

సరే, ఇక నాకిష్టమైన కథ చెప్తాను. కి.రా. రాసింది. తమిళంలో దాని పేరు 'కదవు', అంటే తలుపు.

ఒక పేద ఇల్లు. ఆ ఇంటికి పాతకాలపు గట్టి తలుపు ఒకటి ఉంది. ఇంట్లో చెప్పుకోదగ్గ వస్తువు అదొక్కటే. లక్ష్మి, శ్రీనివాసన్ అని అక్కాతమ్ముళ్ళు. అమ్మ కూలికి పోతుంది. నాన్న ఇంకా దూరం పోయాడు, చాన్నాళ్ళుగా డబ్బు లేదు, కబురూ లేదు. చంకలో ఇంకో పసివాడు. అమ్మ పొలానికి పోగానే వీధిలో పిల్లలంతా ఆ ఇంటి ముందు చేరతారు. ఎందుకు? తలుపు కోసం. ఆ తలుపే వాళ్ళకు బస్సు. ఒకడు కండక్టరు. టిక్కెట్, టిక్కెట్! ఎక్కడికి? తిరునెల్వేలి! రైట్! పిల్లలు తలుపు పట్టుకుని వేలాడతారు, ఇంకొందరు తోస్తారు, తలుపు కిర్రుమంటూ ఇటు తిరుగుతుంది, అటు తిరుగుతుంది. తిరునెల్వేలి వచ్చేసింది, దిగండి దిగండి, వేరేవాళ్ళు ఎక్కండి.

ఒకరోజు తలారి వస్తాడు. పొలం శిస్తు బాకీ ఉంది. ఏళ్ళ బాకీ. ఆమె ఏం కడుతుంది? చినుకు లేదు, పంట లేదు, మొగుడు ఊళ్ళో లేడు. తలారి నాలుగు మాటలు చెప్పి పోతాడు. మళ్ళీ వస్తాడు, ఈసారి మనుషులతో. తలుపు ఊడబీక్కుని పోతారు. పిల్లలకు మొదట అది కూడా ఒక ఆటలాగే ఉంటుంది. అంతే, తలుపు లేదు.

తలుపు లేదు. చలికాలం వస్తుంది. ఈదురుగాలి నేరుగా లోపలికి వస్తుంది. తలుపు లేదు. కుక్క లోపలికి వస్తుంది. తలుపు లేదు. చంటివాడికి జబ్బు చేస్తుంది. చంటివాడు చచ్చిపోతాడు.

కి.రా. ఇక్కడ ఒక్క అయ్యో కూడా అనలేదు. సర్కారును తిట్టలేదు, తలారిని రాక్షసుణ్ణి చేయలేదు. ఆ తలారి కూడా అదే ఊళ్ళో చాలీచాలని బతుకు బతికేవాడే కదా. రైతుల కోసం జైలుకు పోయొచ్చిన మనిషి, ఉపన్యాసం ఇవ్వాలంటే ఆయనకు రాదా? ఇవ్వలేదు. ఉపన్యాసాలు దంచే రచయితలను చదివినప్పుడల్లా నాకు ఈ కథే గుర్తొస్తుంది.

తరవాత ఒకరోజు లక్ష్మి చావడి వెనక్కి పోతుంది. అక్కడ తమ తలుపు! ఎండకూ వానకూ పడి ఉంది. చెదలు పట్టింది. లక్ష్మి పరిగెత్తుకుంటూ పోయి తమ్ముణ్ణి పిలుచుకొస్తుంది. ఇద్దరూ దాన్ని నిమురుతారు, చెదలు దులుపుతారు. గట్టిగా పట్టుకుంటారు, ఏడుస్తారు, వదలరు. కథ అక్కడే ఆగిపోతుంది.

శిస్తు కింద ఇంట్లో సామాను జప్తు చేయడం మన రాయలసీమలో పెద్దవాళ్ళకు తెలియని సంగతి కాదు. బిందెలు పోయాయి, ఎద్దులు పోయాయి. దామలచెరువులో కూర్చుని మన మధురాంతకం రాజారాం రాసిన కథలు ఇలాంటి మెట్టపొలాల మనుషులవే. ఆయనకు సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది 1993లో, కి.రా.కు వచ్చిన రెండేళ్ళకు. ఇద్దరినీ పక్కపక్కన పెట్టుకుని చదవాలని నా కోరిక. చిత్తూరు జిల్లాలో తమిళం చదవగలిగినవాళ్ళు ఇప్పటికీ చాలామంది ఉన్నారు. వాళ్ళయితే అనువాదం కోసం కూడా ఆగక్కర్లేదు.

టైము చూసుకుంటున్నాను. ఒక్క ముక్క చెప్పి ముగిస్తాను, ఈ ముక్క కోసమే నేను ఇవాళ కి.రా.ను ఎంచుకున్నది.

ఎనిమిదో తరగతి దాటని ఈ మనిషిని పుదుచ్చేరి విశ్వవిద్యాలయం పిలిచి ప్రొఫెసరుగా కూర్చోబెట్టింది. ఎందుకని? ఆయన దగ్గర ఊళ్ళ మాటలున్నాయి. నల్లరేగడి పల్లెల్లో జనం వాడే మాటలన్నీ, స్నేహితులను కూడగట్టుకుని, ఒక నిఘంటువుగా చేశారు. జానపద కథలు వందల కొద్దీ పోగుచేశారు. అందులో పెద్దవాళ్ళు మాత్రమే వినాల్సినవీ ఉన్నాయి, వాటిని రేడియోలో చెప్తే నన్ను మళ్ళీ ఈ స్టూడియోలోకి రానివ్వరు. 2021 మేలో ఆయన పోయినప్పుడు తమిళనాడు ప్రభుత్వం ఇడైసెవల్‌లో ప్రభుత్వ లాంఛనాలతో సాగనంపింది.

ఆయన్ను ఎంతోమంది ఇంటర్వ్యూ చేశారు. కానీ ఆయన పోగుచేసిన కథలూ మాటలూ వచ్చింది ఆయన ఇతరులను అడగబట్టే. అడగడం కూడా నేర్చుకోవాల్సిన పనే. మనం ఏం చేస్తాం? ఎప్పుడో ఒకసారి బుద్ధి పుట్టి, ఫోను పట్టుకుని తాత ముందు కూర్చుని, "తాతా, నీ జీవితం గురించి చెప్పు" అంటాం. తాత బిగుసుకుపోతాడు. "ఏముందిరా చెప్పడానికి, కష్టపడినాం, పెంచినాం" అంటాడు. అయిపోయింది ఇంటర్వ్యూ.

జీవితం గురించి అడగొద్దు. వస్తువు గురించి అడగండి. చెరకు గానుగ ఆడించేటప్పుడు పొయ్యిలోకి ఏం ఎగదోసేవాళ్ళు తాతా, అని అడగండి. చెరకు పిప్పి అంటాడు. మరి రాత్రిళ్ళు పొయ్యి దగ్గర ఎవరుండేవాళ్ళు? ఇక మొదలవుతుంది. ఫలానావాడు ఉండేవాడు, వాడికి నిద్ర ఆగేది కాదు, ఒకసారి బెల్లం పాకం మాడిపోయింది, దాని మీద పెద్ద తగువైంది, ఆ తగువులో పక్క ఊరితో వియ్యం తప్పిపోయింది. అవ్వనయితే సంగటి కుండ గురించి అడగండి, ఎద్దులతో నీళ్ళు తోడే కపిల బావి గురించి అడగండి, చెనక్కాయలు వలిస్తే ఎంత కూలి ఇచ్చేవాళ్ళో అడగండి. ఆమె వాడే మాట మీకు కొత్తగా ఉంటే మధ్యలో ఆపి దిద్దకండి. మీ పుస్తకాల మాట ఆమె నోట్లో పెట్టకండి. ఆమె ఎలా అంటే అలాగే ఉండనివ్వండి.

రేడియోలో పనిచేసేవాళ్ళు నాకు చెప్పిన చిట్కాలు కూడా వినండి. ఫోను వాళ్ళ నోటికి జానెడు దూరంలో, కింద మెత్తటి గుడ్డ వేసి పెట్టండి. టీవీ కట్టేయండి. ఫ్యాన్ కూడా ఆపండి, వినేటప్పుడు అన్నిటికన్నా ఎక్కువ విసిగించేది ఆ ఫ్యాన్ చప్పుడే. మొదలుపెట్టే ముందు మీ గొంతుతోనే వాళ్ళ పేరు, ఊరు, ఆ రోజు తేదీ చెప్పండి. అది చెప్పకపోతే ఇరవై ఏళ్ళ తరవాత వినేవాళ్ళకు ఆ గొంతు ఎవరిదో తెలియదు.

ఉంటాను. నమస్కారం.