జ్వరం వస్తుందని ముందే చెప్పండి

(ఆంధ్రా సరిహద్దున ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో ఆరోగ్య కార్యకర్తలు, నర్సింగ్ విద్యార్థులు, తల్లులు కలిసి కూర్చున్న సభలో ఒక పిల్లల వైద్యురాలు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

ముందు వరసల్లో ఆశా అక్కలు, ఏఎన్ఎంలు, అంగన్‌వాడీ టీచర్లు కూర్చున్నారు. వెనక నర్సింగ్ చదివే పిల్లలు, మందుల షాపుల వాళ్లు, ఊళ్లలో వైద్యం చేసే ఆర్ఎంపీలు ఉన్నారు. ఈ పక్కన పిల్లల్ని చంకనేసుకుని వచ్చిన తల్లులు, వాళ్ల అత్తగార్లు. అత్తగార్లు వచ్చినందుకు నాకు మరీ సంతోషంగా ఉంది. పిల్లాడికి సూది వేయించాలా వద్దా అన్నది మన ఇళ్లలో చాలాసార్లు తేల్చేది నాయనమ్మే.

టీకా అంటే జనానికి నమ్మకం లేదు, మూఢనమ్మకాలు ఎక్కువ అని మీటింగుల్లో తరచూ వింటుంటాం. ఈ మాటతో నేను ఏకీభవించను. మన పర్లాకిమిడి, కాశీనగరం, గునుపురం వైపు నేను చూసినంతవరకు టీకా వద్దని మొదటి నుంచీ మొండికేసేవాళ్లు బాగా తక్కువ. ఆగిపోయిన పిల్లల్లో ఎక్కువమంది మొదటి డోసు పడ్డవాళ్లే. రెండోదానికి రాలేదు. ఎందుకు రాలేదో ఒక తల్లి నాతో సూటిగా చెప్పింది. "సూదేయించిన రేతిరంతా గుంటడికి జొరమే డాక్టరమ్మా. మా అత్త నన్ను తిట్టని తిట్టు నేదు. బాగున్న పిల్లడికి జొరం ఎందుకు తెప్పించుకోవాల? మరి నాను రాను."

ఆమెకి టీకా మీద కోపం లేదు. జ్వరం రావచ్చని ఆమెకి ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే, ఆ రాత్రి అత్తగారికి జవాబు చెప్పడానికి ఆమె దగ్గర ఒక మాట ఉండేది. మనం చెప్పని ఆ ఒక్క మాట వల్ల ఆ పిల్లాడికి మిగతా డోసులు పోయాయి. అందుకే ఇవాళ సూది గురించి కంటే, సూదికి ముందూ వెనకా మనం మాట్లాడే ఆ రెండు నిమిషాల గురించి చెప్పాలనుకున్నాను.

నెలన్నరకి, రెండున్నర నెలలకి, మూడున్నర నెలలకి పెంటావాలెంట్ వేస్తాం. కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్ బి, ఇంకా నిమోనియా, మెదడు పొరల వాపు తెచ్చే హిబ్ బ్యాక్టీరియా, ఈ అయిదింటికీ అదొక్కటే సూది. మన ప్రభుత్వ టీకాలో కోరింత దగ్గు భాగం చంపేసిన బ్యాక్టీరియాతో, దాన్ని మొత్తంగా వాడి, తయారవుతుంది. అది లోపలికి వెళ్లగానే పిల్లాడి ఒళ్లు దాన్ని శత్రువుగా గుర్తుపట్టి పని మొదలుపెడుతుంది. తొడ మీద గట్టిపడటం, ఎర్రబడటం, ఆ రాత్రి జ్వరం ఆ పనివల్లే. ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. జ్వరం రాని పిల్లలూ ఉంటారు. వాళ్లకి టీకా పని చేయలేదని కాదు.

ఇది మీకందరికీ తెలుసు. తల్లికి చెబుతున్నామా అన్నదే నా ప్రశ్న. చెప్పేటప్పుడు కూడా "ఏం కాదమ్మా, భయపడకు" అంటే సరిపోదు. ఏం కాదన్నాక రాత్రి జ్వరం వస్తే మన మాట అబద్ధమైపోయినట్టే. ఇలా చెప్పండి: "ఈ రాత్రి ఒళ్లు వేడెక్కొచ్చు. ఏడవొచ్చు. పాలు ఇస్తూనే ఉండు. సూది వేసిన చోట తడిగుడ్డ వెయ్యి, పసుపు, ఆకుపసరు, వేడి కాపడం ఏమీ వద్దు. పారాసిటమాల్ చుక్కలు నేను చెప్పినన్నే వెయ్యి." ఎన్ని చుక్కలన్నది బరువు చూసి చెప్పాలి. పిల్లాడి కేజీ బరువుకి పది నుంచి పదిహేను మిల్లీగ్రాములు. మందుల షాపుల వాళ్లు దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి. చుక్కల మందుకీ సిరప్‌కీ బలం వేరు, ఒకదాని లెక్క ఇంకోదానికి చెప్పకూడదు.

తొమ్మిది నెలలకి వేసే తట్టు-రుబెల్లా టీకా సంగతి వేరు. అందులో జ్వరం వస్తే ఆ రాత్రి కాదు, వారం పది రోజుల తర్వాత. కొందరికి చిన్న పొక్కులూ వస్తాయి. ఆ తల్లి అప్పటికి మన దగ్గర లేదు. ముందు చెప్పకపోతే, టీకా వేసినా తట్టు పోసిందని ఊరంతా అనుకుంటారు. పుట్టగానే వేసే క్షయ టీకా బీసీజీ అయితే ఇంకా ఆలస్యం. కొన్ని వారాలకి భుజం మీద చిన్న గడ్డ లేస్తుంది, పుండై చీము కారుతుంది, దానంతటదే మాని మచ్చ పడుతుంది. ఆ పుండుకి కట్టుకట్టి యాంటీబయాటిక్ రాసిన చీటీలు నా దగ్గరికి వస్తుంటాయి. ఆర్ఎంపీ అన్నలకి నా మనవి, దాన్ని వదిలేయండి.

మన శిక్షణల్లో నాలుగు మాటలు నేర్పుతారు. ఏ టీకా వేశాం, ఏ జబ్బుకి. ఏమేం రావొచ్చు, వస్తే ఏం చేయాలి. మళ్లీ ఎప్పుడు రావాలి. కార్డు జాగ్రత్త, వచ్చేటప్పుడు తేవాలి. వీటిలో మనం ఎప్పుడూ మరిచిపోనిది మూడోది, దాదాపు ప్రతిసారీ వదిలేసేది రెండోది. టీకాలు వేసే రోజు అంగన్‌వాడీ కేంద్రం ముందు పాతిక మంది నిలబడి ఉంటారని, రిజిస్టర్లు రాయాలని నాకు తెలుసు, ఆ టెన్షన్ నేనూ చూశాను. ఒక పని చేయొచ్చు. సూది అయ్యాక అరగంట అక్కడే కూర్చోమంటాం కదా, ఆ అరగంటలో ఆశా అక్క అయిదారుగురు తల్లుల్ని దగ్గర కూర్చోబెట్టుకుని ఈ రెండో మాట ఒక్కటే చెప్పాలి. చెప్పి ఊరుకోకుండా, "ఇంటికెళ్లి మీ అత్తతో ఏం చెప్తావు?" అని ఒకరి చేత చెప్పించాలి.

అరగంట ఎందుకో కూడా చెప్పండి. ఎక్కడో లక్షల్లో ఒకరికి టీకా పడగానే ఒళ్లంతా దద్దుర్లు వచ్చి, ఊపిరి అందక, చల్లబడిపోయే ప్రమాదం ఉంది. అది నిమిషాల్లోనే తెలుస్తుంది. దానికి మందు అడ్రినలిన్, తొడ కండలో వెంటనే వేయాలి. మీ కిట్‌లో ఆ ఆంప్యూల్ ఉందా, గడువు దాటలేదా అని ప్రతి సెషన్ ముందు చూసుకోండి. ఇంటికెళ్లాక మూడు గంటలకు పైగా ఆపకుండా ఏడ్చినా, ఫిట్స్ వచ్చినా, పాలు తాగకుండా వడలిపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకురమ్మని ఆ తల్లికి చెప్పాలి.

ఇప్పుడు మనం ఎక్కువ చెప్పే మాటల దగ్గరికి వస్తాను. టీకా చేయలేని పనిని చేస్తుందని చెప్పకూడదు. రోటావైరస్ టీకా చుక్కలు 2016లో దేశంలో మొదట నాలుగు రాష్ట్రాల్లో ఇచ్చారు. వాటిలో ఒడిశా ఉంది, ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. అంటే మహేంద్రతనయ నదికి ఈ ఒడ్డునా, అవతల ఆంధ్రాలో పాతపట్నం వైపూ పిల్లలకి ఆ చుక్కలు ఒకే ఏడాది అందాయి. హైదరాబాద్‌లో తయారైన టీకా అది. రోటావైరస్ వల్ల వచ్చే ప్రాణాంతకమైన విరేచనాలని బాగా తగ్గిస్తుంది. కలుషిత నీటితో వచ్చే విరేచనాలన్నిటినీ ఆపదు. "ఈ చుక్కలు వేస్తే ఇక విరేచనాలు రావు" అన్నామనుకోండి, వానాకాలంలో పిల్లాడికి నీళ్ల విరేచనాలు పట్టగానే మన మాట, దాంతోపాటు టీకా, రెండూ పోతాయి.

మన ఒడిశాలోనే మల్కన్‌గిరి జిల్లా సంగతి ఇక్కడ చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2016లో ఆ జిల్లాలో కొద్ది వారాల్లోనే వంద మంది దాకా పిల్లలు చనిపోయారు. జపనీస్ మెదడువాపు వ్యాధి అన్నారు. అది వరిచేలల్లో పుట్టే క్యూలెక్స్ దోమలు మోసే వైరస్. పందుల్లో, కొంగల్లో పెరిగి దోమల ద్వారా మనిషికి వస్తుంది. ఆ జిల్లాలో పిల్లలకి ఆ టీకా ఆ తర్వాత వేశారు. అయితే నిపుణులు వెళ్లి పరిశీలిస్తే అన్ని మరణాలకూ వైరస్ కారణం కాదని, కొన్నిటికి కసింద గింజల విషం కారణమని తేలింది. ఒడియాలో బణ చకుండా అంటారే, ఆ మొక్క. ఇప్పుడు ఆలోచించండి. టీకా వేసి "ఇక మెదడు జ్వరం మీ ఊరికి రాదు" అని చెప్పిన ఊళ్లో ఒక పిల్లాడు ఆ గింజలు తిని పోతే, ఆ ఊరు మళ్లీ మనల్ని గుమ్మం ఎక్కనిస్తుందా? టీకా వేయించండి, పందుల్ని ఇళ్లకు దూరంగా ఉంచండి, దోమతెర కట్టండి, ఆ గింజలు ముట్టనివ్వకండి. నాలుగూ కలిపే చెప్పాలి.

మాట ఒక్కటే ఉంటే చాలదు, చేతిపని కూడా శుభ్రంగా ఉండాలి. నర్సింగ్ పిల్లలు ఇది వినండి. 1902లో పంజాబ్‌లోని ముల్కోవాల్ అనే ఊళ్లో ప్లేగు టీకా వేశారు. ఆ టీకా తయారుచేసినవాడు బొంబాయిలో పనిచేసిన హాఫ్కిన్. ఒకే సీసాలోంచి టీకా పడ్డవాళ్లలో 19 మంది ధనుర్వాతంతో చనిపోయారు. నింద అంతా హాఫ్కిన్ మీద పడింది, ఉద్యోగం పోయింది. విచారణలో తేలిందేమిటంటే, ఆ సీసా తెరిచే పటకారు నేల మీద పడితే, దాన్ని సరిగ్గా శుద్ధి చేయకుండా అదే వాడారు. ఆయన నిర్దోషి అని 1907లో గానీ ఒప్పుకోలేదు. ఆ అయిదేళ్లలో ఎంతమంది ప్లేగు టీకాకి భయపడి దూరంగా ఉన్నారో! ఒక్క పటకారు.

ఇప్పుడు మన దగ్గర ఒకసారి వాడాక లాక్ అయిపోయే సిరంజీలు, సూది కత్తిరించే హబ్ కట్టర్లు ఉన్నాయి. ఆ ప్రమాదం చాలావరకు పోయింది. మిగిలింది చలీ వేడీ. టీకా రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి. వేడి తగిలితే పాడవుతుందని అందరికీ తెలుసు, వయల్ మీద వేడి తగిలిందో లేదో చూపించే వీవీఎం గుర్తు చూస్తాం, లోపలి చదరం బయటి వలయమంత నల్లబడితే పారేస్తాం. గడ్డకట్టినా పాడవుతుందన్నది మరిచిపోతాం, ఆ సంగతి వీవీఎం చూపించదు. పెంటావాలెంట్, హెపటైటిస్ బి, ధనుర్వాతం-కంఠసర్పి టీకా టీడీ లాంటి వాటిలో అల్యూమినియం ఉప్పు ఉంటుంది. గడ్డకట్టి కరిగాక అది ముద్దలు కడుతుంది. అనుమానం వస్తే ఆ వయల్‌ని, కావాలని గడ్డకట్టించి కరిగించిన అదే బ్యాచ్ వయల్‌ని కలిపి ఊపి, పక్కపక్కన నిలబెట్టి చూడండి. గడ్డకట్టినదాంట్లో మడ్డి అరగంటలోపే అడుగుకి దిగిపోతుంది, పైన నీరు తేరుతుంది. మంచిది మబ్బుగానే ఉంటుంది. దీనికి మూలం ఐస్‌ప్యాక్. ఫ్రీజర్‌లోంచి తీసి అలాగే టీకాలు మోసుకెళ్లే క్యారియర్‌లో పెట్టేస్తున్నారు. బయట పెట్టి, పైన చెమ్మ పట్టి, చెవి దగ్గర ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినబడేదాకా ఆగాలి. పొద్దున్నే సేరంగో కొండెక్కాల్సిన తొందరలో ఆ కాసేపు బరువే, అయినా ఆగాలి. ఇంకొకటి, టీకాలు దాచే ఫ్రిజ్ ఐఎల్ఆర్‌లో టీకాలు, వాటి ద్రావకాలు తప్ప వేరే మందు ఒక్కటీ ఉండకూడదు. 2014లో సిరియాలో తట్టు టీకా ద్రావకం అనుకుని ఆపరేషన్లప్పుడు కండరాలు సడలించడానికి వాడే మందు కలిపి వేయడంతో 15 మంది పిల్లలు చనిపోయారు.

మన సరిహద్దుకి ప్రత్యేకమైన కష్టం ఒకటుంది. పాతపట్నం, మెళియాపుట్టి, టెక్కలి అమ్మాయిలు ఇక్కడి కోడళ్లు. తొలి పురుడు పుట్టింట్లో. బిడ్డకి బీసీజీ, పుట్టగానే వేసే పోలియో చుక్కలు, హెపటైటిస్ బి అక్కడ పడతాయి. మూడో నెలలోనో అయిదో నెలలోనో బిడ్డతో అత్తింటికి వస్తుంది. అక్కడి రిజిస్టర్లో "వెళ్లిపోయారు" అని ఉంటుంది. ఇక్కడి రిజిస్టర్లో ఆ బిడ్డ పుట్టనే లేదు. ఈ పిల్లలు ఎవరి లెక్కలోనూ లేరు. దీనికి తల్లిని తప్పుపట్టడం అన్యాయం. రెండు వైపులా అమలయ్యేది ఒకే జాతీయ షెడ్యూల్, అక్కడ పడ్డ డోసు ఇక్కడ చెల్లుతుంది. కార్డు తెలుగులో ఉందని ఈ పక్కన, ఒడియాలో ఉందని ఆ పక్కన తిప్పి పంపవద్దు. తల్లి ఫోన్ నంబరుతో యూ-విన్‌లో, అంటే టీకాల ప్రభుత్వ ఆన్‌లైన్ రికార్డులో, వెతకండి. నంబరు మారిపోయి ఉంటుంది చాలాసార్లు, అప్పుడు అవతలి ఊరి ఏఎన్ఎంకి ఫోన్ చేయండి. అటువైపు వాళ్ల నంబర్లు మీ రిజిస్టర్ మొదటి పేజీలో రాసి పెట్టుకోండి.

సవర గిరిజనుల ఊళ్లకి వెళ్లినప్పుడు ఒడియాలోనో తెలుగులోనో చెప్పేసి వచ్చేస్తుంటాం. వాళ్లు తల ఊపుతారు. ఇదే పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ గిడుగు రామమూర్తి గారు సవరల దగ్గరే కూర్చుని సవర నేర్చుకున్నారు, వాళ్ల పిల్లలకి వాళ్ల భాషలోనే చదువు చెప్పించారు. ఇంత దగ్గర ఉదాహరణ పెట్టుకుని, జ్వరం వస్తుంది, తగ్గుతుంది, మళ్లీ రా అన్న మూడు ముక్కలు సవరలో నేర్చుకోలేమా? ఆ ఊరి ఆశా అక్కని అడిగితే ఆ పూటే నేర్పుతుంది.

వాట్సాప్‌లో తిరిగేవాటి మీద ఎక్కువసేపు చెప్పను. తట్టు టీకాకి ఆటిజంకి లంకె పెట్టింది 1998లో పన్నెండు మంది పిల్లల మీద రాసిన ఒక వ్యాసం. 2010లో ఆ పత్రికే దాన్ని వెనక్కి తీసుకుంది, రాసిన డాక్టర్ వైద్యం చేసే హక్కు పోగొట్టుకున్నాడు. డెన్మార్క్‌లో ఆరున్నర లక్షల మందికి పైగా పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించి, అలాంటి లంకె లేదని 2019లో చెప్పారు. ఎవరైనా అడిగితే విసుక్కోకుండా ఇది చెప్పండి. అడిగిన తల్లి మన మీద నమ్మకంతోనే అడుగుతోంది.

చివరగా, మనమే తిప్పి పంపేస్తున్న పిల్లల గురించి. జలుబు ఉందని, కొద్దిగా విరేచనాలని, బక్కగా ఉన్నాడని, నెలలు నిండకుండా పుట్టాడని టీకా ఆపకూడదు. బక్క పిల్లాడికే తట్టు ఎక్కువ ప్రమాదం. ఆసుపత్రిలో చేర్చాల్సినంత జబ్బుంటేనో, ఇదే టీకాకి ఇంతకుముందు తీవ్రమైన అలర్జీ వచ్చి ఉంటేనో ఆగి డాక్టర్‌కి చూపించండి. ఆలస్యమైందని మొదటి నుంచీ మొదలుపెట్టక్కర్లేదు, ఆగిన చోటి నుంచి కొనసాగించాలి. బీసీజీ ఏడాది లోపు వేయొచ్చు. తట్టు-రుబెల్లా అయిదేళ్లదాకా వేయొచ్చు. పెంటావాలెంట్ మొదటి డోసు ఏడాది దాటితే దాని బదులు కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతాలకి వేసే డీపీటీ ఇస్తాం, ఏడేళ్లదాకా. కార్డు పోయి, ఏది పడిందో ఎవరికీ తెలియకపోతే పడలేదనే లెక్కవేసి ఇవ్వండి.

ఇక్కడున్న తల్లుల్లో కార్డులు తెచ్చినవాళ్లు ముందుకి రండి. ఆంధ్రా కార్డులు ఈ బల్ల దగ్గర, ఒడియా కార్డులు ఆ బల్ల దగ్గర చూస్తాం. ప్రశ్నలు ఉన్నవాళ్లు అడగండి, అత్తగార్లు ముందు.