గురక పెట్టేవాళ్లు హాయిగా నిద్రపోతున్నట్టు కాదు

నమస్తే అండి. మొన్న గుంటూరులో ఒక పెళ్లికెళ్లాను. విడిదింట్లో రాత్రి ఒకాయన గురక పెడుతుంటే చుట్టూ ఉన్నవాళ్లు "అదృష్టవంతుడు, తల వాల్చగానే నిద్ర పట్టేసింది" అంటున్నారు. ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఎందుకంటే మా మావయ్య విషయంలో మేమూ పదేళ్లు ఇలాగే అనుకుంటూ కూర్చున్నాం.

మావయ్యది ప్రత్తిపాడు దగ్గర మిర్చి సాగు, అందుకే గురక సంగతి ఆయన నీళ్ల ఇంజనుతోనే చెప్తాను. కాలవలోంచి నీళ్లు తోడేటప్పుడు లాగే వైపు మెత్తటి పైపు పెట్టడం ఎక్కడైనా చూశారా? పెట్టరు. అటు రింగులు రింగులుగా, గట్టిగా ఉండే సక్షన్ పైపే ఉంటుంది. చుట్ట చుట్టి మూలన పెట్టుకునే మెత్తటి పైపు డెలివరీ వైపుకే. దాన్ని తెచ్చి లాగే వైపు బిగిస్తే అతుక్కుపోతుంది, ఇంజను ఎంత గట్టిగా లాగితే అంత గట్టిగా అతుక్కుంటుంది.

మన గొంతు ఆ మెత్తటి పైపే! పైన ముక్కుకి ఎముక ఉంది, కింద శ్వాసనాళానికి మృదులాస్థి రింగులున్నాయి, మధ్యలో నాలుక వెనకున్న దారిని తెరిచి ఉంచడానికి మాత్రం కండరాలు తప్ప ఏమీ లేవు. మెలకువలో అవి బిగువుగా ఉంటాయి, నిద్రలో వదులైపోతాయి. దానికి మెడ చుట్టూ కొవ్వో, వెనక్కి ఉన్న దవడో, రాత్రి తాగిన మద్యమో తోడైతే పైపు ఇంకా ఇరుకు. ఆ ఇరుకులో గాలి వెళ్తూ గొంతు అదిరే చప్పుడే గురక. గురక పెట్టే అందరికీ జబ్బున్నట్టు కాదు. కానీ పైపు పూర్తిగా అతుక్కున్నప్పుడు గురక కూడా వినపడదు, భయపడాల్సింది ఆ నిశ్శబ్దానికి.

అత్తయ్య ఒక రాత్రి ఫోన్‌లో వీడియో తీసింది. గురక, గురక, ఠక్కున ఆగిపోయింది. పొట్ట మాత్రం ఎగిరెగిరి పడుతోంది, గాలి లేదు, ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడటం లేదు. నేను లెక్కపెట్టాను, 24 సెకన్లు. తర్వాత నీళ్లలో మునిగి పైకి తేలినవాడిలా ఒక్కసారి గుర్రుమని ఊపిరి లాగాడు, పక్కకి తిరిగాడు, మళ్లీ గురక. పొద్దున అడిగితే "నాకేం, శుభ్రంగా పడుకున్నాగా" అన్నాడు.

ఇలా 10 సెకన్లు, అంతకంటే ఎక్కువ ఊపిరి ఆగితే దాన్ని ఆప్నియా అంటారు. పూర్తిగా ఆగినవీ, బాగా తగ్గినవీ కలిపి గంటకి 5 దాటితే జబ్బు కింద లెక్క, 30 దాటితే తీవ్రం. మావయ్యకి 42! అంటే ఏడు గంటల్లో దాదాపు మూడొందల సార్లు. ప్రతిసారీ ఆక్సిజన్ తగ్గుతుంది, మెదడు కొద్ది సెకన్లు లేచి కండరాలు బిగించి పైపు తెరుస్తుంది. మనిషికి గుర్తుండదు, కానీ రాత్రంతా ఇంజను దగ్గరికి లేచి వెళ్లొచ్చినట్టే. అందుకే పగలు కునికిపాట్లు. బీపీకి మూడు మాత్రలు వేసినా దిగలేదు. రాత్రి నాలుగుసార్లు బాత్రూమ్‌కి లేస్తుంటే షుగరేమోనని రెండుసార్లు రక్తపరీక్ష చేయించాం. మూసుకున్న గొంతుతో ఊపిరి లాగుతుంటే ఛాతీలో ఆ లాగుడుకి గుండె గదులు సాగుతాయి, ఒంట్లో నీరెక్కువైందనుకుని గుండె మూత్రం పెంచే హార్మోను వదులుతుంది. ఈ సంగతి మాకెవరూ చెప్పలేదు. చివరికి బెజవాడ నుంచి వస్తూ కాజ టోల్‌గేటు దాటాక కారు నడుపుతూనే కునుకు తీశాడు, పక్కన అత్తయ్య ఉండబట్టి సరిపోయింది. గంట ప్రయాణం కూడా కాదండి అది!

ఇప్పుడు పరీక్ష సంగతి. ఆసుపత్రిలో చేసేదాంట్లో తలకి, కళ్ల దగ్గర, గడ్డానికి, కాళ్లకి వైర్లు పెట్టి రాత్రంతా టెక్నీషియన్ కాపలా ఉంటాడు. ఒక మంచానికి రాత్రికి ఒక్కరే, అందుకే ఎదురుచూడాలి, ఖర్చూ ఎక్కువే. ఇంట్లో చేసే కిట్ కూడా ఉంది, ముక్కు దగ్గర సన్నటి గొట్టం, ఛాతీకి బెల్టు, వేలికి క్లిప్పు. అనుమానం గట్టిగా ఉన్న చాలామందికి ఇది చాలు. కాకపోతే ఇందులో మెదడు వైర్లు ఉండవు కాబట్టి మీరు మెలకువగా దొర్లిన టైమ్ కూడా నిద్రలో కలిసిపోయి లెక్క తక్కువ చూపించొచ్చు. లక్షణాలున్నా నార్మల్ వస్తే అక్కడితో వదిలేయకండి, ఆసుపత్రి పరీక్ష అడగండి.

ఇక వైద్యం. రాత్రి పడుకునేటప్పుడు మాస్కు పెట్టుకుంటే గొట్టంలోంచి గాలి ఊదే మిషన్ ఇస్తారు, దాని పేరు సీప్యాప్. "ఆక్సిజన్ పెట్టారంట" అని ఊళ్లో చెప్పుకుంటారు, కాదండి, అది మామూలు గాలే. 1980ల మొదట్లో ఆస్ట్రేలియా డాక్టర్ కాలిన్ సలివన్ వాక్యూమ్ క్లీనర్ మోటారుతో మొదటిది తయారు చేశారు. మెత్తటి పైపుని లాగే వైపు నుంచి డెలివరీ వైపుకి మార్చడమే దీని కిటుకు, లోపల్నించి ఒత్తిడి ఉంటే అదే పైపు గుండ్రంగా నిలబడుతుంది కదా. ఒత్తిడి కూడా ఎంతో కాదు, చాలామందికి పది సెంటీమీటర్ల నీళ్ల లోతు, అంటే ఒక గ్లాసుడు నీళ్లు నిలబడినంత.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తాను. మిషన్ అమ్మేసి తర్వాత పట్టించుకోకపోవడమే పెద్ద లోటు. మాకు పెట్టె చేతికిచ్చి పంపేశారు, మాస్కు సైజు తప్పు, గాలి కళ్లలోకి కొట్టింది, వారంలో అటకెక్కింది. వేరేచోట మాస్కు మార్చి, గాలికి తేమ కలిపే డబ్బా పెట్టించాక వాడుతున్నాడు. వీలైతే ముందు అద్దెకి తీసుకోండి. ఎన్ని గంటలు వాడారో మిషన్‌లోనే నమోదవుతుంది, అది డాక్టరుకి చూపించండి. బరువు తగ్గడం, పక్కకి తిరిగి పడుకోవడం, రాత్రి మద్యం మానడం, ఇవన్నీ పనిచేస్తాయి. సొంతంగా నిద్రమాత్రలు మాత్రం వద్దు, గొంతు ఇంకా వదులైపోవచ్చు. ఆడవాళ్లలో గురక కంటే నీరసం, నిద్ర పట్టకపోవడమే ఎక్కువ కనపడొచ్చు, నెలసరి ఆగాక ముప్పు పెరుగుతుంది. పిల్లల టాన్సిల్స్ గురించి ఇంకో వీడియో చేస్తాను.

ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికో, ఈఎన్‌టీ దగ్గరికో వెళ్లే ముందు రాత్రి వీడియో తీయండి. దుప్పటి తీసి, ఛాతీ, పొట్ట, ముఖం కనపడేలా, సౌండ్ ఆన్‌లో పెట్టి ఒక ఐదు నిమిషాలు. గురక ఆగగానే వీడియో ఆపేయకండి, మళ్లీ ఊపిరి వచ్చేదాకా తీయండి.