మహమ్మారి ఒత్తిడి దవడ కీలు మీద ఎలా పడింది

నమస్కారం. చెవికి సరిగ్గా ముందు వేలు ఆనించి, నోరు తెరిచి మూసి చూడండి. వేలి కింద కదిలేదే దవడ కీలు. మాట్లాడినా, నమిలినా, ఆవలించినా పనిచేయాల్సిన ఈ కీలు కోవిడ్ కాలంలో చాలామందిని బాధపెట్టింది. అంతకుముందే దవడ నొప్పి ఉన్నవారికి ఆ రోజులు మరీ కష్టంగా గడిచాయి. ఆందోళన, చెడిన నిద్ర, ఆగిపోయిన వైద్యం మూడూ ఒకేసారి వచ్చి పడడమే అందుకు కారణమని నా అభిప్రాయం.

ఇజ్రాయెల్, పోలండ్ దేశాల పరిశోధకులు మొదటి లాక్‌డౌన్ సమయంలో దాదాపు 1,800 మందిని ఆన్‌లైన్‌లో ప్రశ్నించి, 2020 అక్టోబరులో ఫలితాలు ప్రచురించారు. టెల్ అవీవ్ విశ్వవిద్యాలయం వెల్లడించిన లెక్కల ప్రకారం, ముఖం, దవడ నొప్పి ఉన్నవారు సుమారు 35 శాతం నుంచి 47 శాతానికి, పగటిపూట పళ్ళు బిగించేవారు 17 నుంచి 32 శాతానికి, రాత్రి నిద్రలో పళ్ళు కొరికేవారు 10 నుంచి 36 శాతానికి పెరిగారు. అందరికంటే ఎక్కువగా బాధపడినవారు 35 నుంచి 55 ఏళ్ళ మధ్య వయసు స్త్రీలు. బడులు మూతపడి పిల్లలు ఇంట్లో, వయసు మీరిన తల్లిదండ్రుల గురించి దిగులు, వీటికి తోడు ఉద్యోగం మోస్తున్న వయసది కాబట్టి ఇందులో వింతేమీ లేదు. అయితే ఇవన్నీ జనం తమంతట తాము చెప్పుకున్న సంగతులు. నొప్పి ఉన్నవారే ఇలాంటి ప్రశ్నావళికి ఓపికగా జవాబులిస్తారు కనుక అంకెలను కొంత తగ్గించి చదువుకోవడం మంచిది. కానీ 2021 ఆరంభంలో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ జరిపిన సర్వేలో కూడా, పళ్ళు కొరికే సమస్యతో వచ్చేవారు పెరిగారని 70 శాతానికి పైగా దంతవైద్యులు చెప్పారు.

మనసులోని భయం దవడకు ఎలా చేరుతుందో చూద్దాం. చెంపల మీద వేళ్ళు ఉంచి పళ్ళు గట్టిగా బిగిస్తే ఒక కండ ఉబ్బుతుంది. కణతల దగ్గర ఇంకొకటి కదులుతుంది. నమలడానికి ఉపయోగపడే ఈ కండరాలు, మనిషి ఒత్తిడిలో ఉన్నప్పుడు అతనికి తెలియకుండానే బిగుసుకుంటాయి. తిండి తినేటప్పుడు, మింగేటప్పుడు తప్ప మిగతా సమయంలో పైపళ్ళకూ కిందిపళ్ళకూ మధ్య కొంచెం ఎడం ఉండాలి. మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, మెడ వంచి, ఒక కంట ఆఫీసు పనినీ మరో కంట కేసుల సంఖ్యనూ చూస్తూ గంటల తరబడి కూర్చున్న మనిషి దవడకు ఆ విశ్రాంతి దొరకలేదు. నిద్ర సరిగ్గా లేకపోతే నొప్పిని తట్టుకునే శక్తి కూడా తగ్గుతుంది. ఆ నొప్పి మళ్ళీ నిద్రను చెడగొడుతుంది. అందుకే ఏళ్ళ తరబడి టక్కుమని శబ్దం మాత్రమే చేసిన కీలు కొందరిలో ఆవలిస్తే పట్టేసే స్థితికి వచ్చింది.

దీనికి తోడు దంతవైద్యశాలల తలుపులు చాలావరకు మూసుకున్నాయి. మన దేశంలో 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యాక, దంతవైద్య పరికరాల నుంచి వెలువడే తుంపరల భయంతో అత్యవసరమైనవి తప్ప మిగతా చికిత్సలు వాయిదా పడ్డాయి. దవడ నొప్పిని అత్యవసరం అని ఎవరూ అనరు. మనవైపు పళ్ళు కొరికితే కడుపులో నులిపురుగులున్నాయని ఒక మాత్ర మింగించి సరిపెట్టే అలవాటు ఒకటి ఉంది. పెద్దవాళ్ళ విషయంలో అది అసలు కారణాన్ని వెనక్కి నెట్టడమే అవుతుంది.

చికిత్స గురించి నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒకటుంది. నొప్పి రాగానే పళ్ళు అరగదీయించుకోవడానికో, ఆపరేషన్‌కో తొందరపడకండి. బ్రిటిష్ మెడికల్ జర్నల్ 2023 డిసెంబరులో ప్రచురించిన మార్గదర్శకాలు దీర్ఘకాలిక దవడ నొప్పికి ఆలోచనా తీరును సరిదిద్దే మానసిక చికిత్సనూ, నిపుణుల పర్యవేక్షణలో చేసే దవడ వ్యాయామాలనూ, ఇంట్లో చేసుకునే సాధనలనూ గట్టిగా సిఫారసు చేశాయి. పళ్ళ అమరికను శాశ్వతంగా మార్చే పద్ధతులు వద్దన్నాయి. నొప్పి లేకుండా శబ్దం మాత్రమే వస్తుంటే సాధారణంగా చికిత్సే అక్కరలేదు.

ఇంట్లో చేయగలిగింది చిన్నదే. ‘న’ అన్నప్పుడు నాలుక కొస ఎక్కడ ఆనుతుందో అక్కడే ఉంచి, పెదవులు మూసి, పళ్ళు ఎడంగా వదిలేయండి. కంప్యూటర్ అంచున ఒక బొట్టుబిళ్ళ అంటించి, అది కంటపడినప్పుడల్లా దవడ వదులుగా ఉందో లేదో చూసుకోండి. నొప్పి ఎక్కువగా ఉన్న రోజుల్లో జంతికలు, చెరకు, చూయింగ్ గమ్ మానేసి మెత్తని అన్నం తినండి; వేడి కాపడం కండరాలను సడలిస్తుంది.

మీ మూడు వేళ్ళు నిలువుగా పట్టేంత నోరు తెరుచుకోకపోతే వైద్యుణ్ణి కలవండి. గుట్కా, వక్కపొడి అలవాటున్నవారిలో నోటి లోపలి పొర గట్టిపడడం వల్ల కూడా అలా జరగవచ్చు. అది వేరే జబ్బు, దానికి పరీక్ష వేరు. ఇక ఛాతీలో బరువు, చెమటలు, ఆయాసంతో పాటు దవడ లాగుతుంటే దాన్ని కీలు నొప్పి అనుకోకండి. అది గుండెపోటు కావచ్చు, వెంటనే 108కి ఫోన్ చేయండి.