కాస్తున్న మొక్కను పీకే వేళ

మిత్రులారా, నమస్కారం.

శరదృతువు రాగానే కూరగాయల తోట పని అయిపోయిందని చాలామంది పార పక్కన పెట్టేస్తారు. నేల గడ్డకట్టే ప్రాంతాల్లో అది సరైన పనే. కానీ చలి స్వల్పంగా ఉండి, నేల ఎన్నడూ గడ్డకట్టని చోట రెండో సాగు మొదలయ్యేది అప్పుడే. ఉత్తరార్ధగోళంలో సెప్టెంబరు నుంచి నవంబరు వరకు, దక్షిణార్ధగోళంలో మార్చి నుంచి మే వరకు ఉండే ఈ మూడు నెలల పనుల గురించే ఈ రోజు మాట్లాడతాను. ఇన్నేళ్లలో నేను చూసినంతవరకు, ఇలాంటి వాతావరణంలో చలికాలపు మడిని దెబ్బతీసేది చలి కాదు, ఆలస్యం.

ఎలాగో చెబుతాను. చలి తక్కువే కదా, ఎప్పుడు విత్తినా మొలుస్తుందిలే అనుకుంటాం. మొలుస్తుంది, నిజమే. అయితే మొక్కకు వెచ్చదనం ఒక్కటే చాలదు, వెలుతురు కావాలి. పగటి నిడివి 10 గంటల కంటే తగ్గితే ఆకుకూరల ఎదుగుదల దాదాపు నిలిచిపోతుంది. భూమధ్యరేఖకు 40 డిగ్రీల దూరంలో ఉన్నవారికి ఈ పరిస్థితి రెండు నెలలకు పైగా ఉంటుంది. 30 డిగ్రీల దగ్గర అతి చిన్న పగలు కూడా 10 గంటలకు కాస్త పైనే ఉంటుంది కాబట్టి అక్కడ ఎదుగుదల మందగిస్తుందే తప్ప ఆగదు. మీరు ఎక్కడ ఉన్నా సూత్రం ఒకటే. ఆ చిన్న పగళ్లు వచ్చేసరికి మొక్క ముప్పాతిక వంతు ఎదిగి ఉండాలి. ఎదిగిన పాలకూర, క్యాబేజీ చలిలో వారాల తరబడి చెడకుండా మడిలోనే నిలిచి ఉంటాయి. నాలుగాకుల దశలో చిక్కుకున్న మొక్క మాత్రం మళ్లీ పగళ్లు సాగే వరకు నాలుగాకులతోనే కూర్చుంటుంది. అందుకే విత్తే తేదీని వెనక నుంచి లెక్క వేసుకోండి. విత్తనాల పొట్లం మీద కోతకు ఎన్ని రోజులని రాసి ఉంటే దానికి మరో రెండు వారాలు కలపండి. ఆ అంకె వేసినవారు పెరుగుతున్న పగళ్లను దృష్టిలో పెట్టుకుంటారు, మనకున్నవి తరుగుతున్న పగళ్లు.

ఇలా లెక్క వేస్తే విత్తాల్సిన సమయం ఇంకా ఎండలు మండుతున్న రోజుల్లోకి వెళ్లిపోతుంది. అప్పటికి మడి ఖాళీగా ఉండదు. వేసవిలో నాటిన టమాటా ఇంకా పూస్తూనే ఉంటుంది, వంగ కాస్తూనే ఉంటుంది. ఈ కాలంలో అన్నిటికన్నా కష్టమైన పని ఇదే, కాస్తున్న మొక్కను పీకడం. ఒక ఏడాది నేను మనసొప్పక వంగ మొక్కలను అలాగే ఉంచేశాను. రోజుకు రెండు మూడు కాయలు వచ్చాయి, అవీ పుచ్చులే ఎక్కువ. వాటి కోసం కాలీఫ్లవర్ నారును ట్రేలోనే మూడు వారాలు ఎక్కువ ఉంచాను. ముదిరిన ఆ నారు నాటాక ప్రతి మొక్కా పిడికిలిలో సగం కూడా లేని పువ్వు వేసి ఆగిపోయింది. కాలీఫ్లవర్ ఎదిగే దశలో ఒత్తిడికి గురైతే ఆకులు పెంచుకోవడం మానేసి తొందరపడి పువ్వు వేస్తుంది, ఆ పువ్వు ఇక పెరగదు. నారు నాలుగు నుంచి ఆరు వారాల వయసులో ఉన్నప్పుడే మడిలోకి వెళ్లాలి.

కాబట్టి పాత మొక్కను ప్రేమగానే సాగనంపండి. పూర్తిగా ఊరిన పచ్చి టమాటాలను కోసి 18 నుంచి 21 డిగ్రీల వేడి ఉండే గదిలో ఉంచితే చక్కగా పండుతాయి. వాటిని ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి, ఆ చలికి రుచి చెడుతుంది. మొక్కను వేళ్లతో పెకలించే బదులు మొదలు దగ్గర కోసేయడం మంచిది. వేళ్లు నేలలోనే చివికి గాలికీ నీటికీ దారులు చేస్తాయి. కానీ కోసే ముందు ఒక మొక్కను పీకి వేళ్లు చూడండి. వేళ్ల మీద ముడులు ముడులుగా బుడిపెలు ఉంటే అవి నులిపురుగుల పని. అప్పుడు వేళ్లన్నీ తవ్వి తీసేయాలి, ఎరువు గుంతలో కూడా వేయకూడదు. చిక్కుడు, బఠానీ వేళ్ల మీద సులువుగా రాలిపోయే చిన్న బుడిపెలు వేరు, అవి నత్రజనిని పట్టి ఇచ్చే మేలైన బాక్టీరియా నివాసాలు. వాటిని తప్పకుండా నేలలోనే వదిలేయండి.

ఖాళీ అయిన మడిలో బాగా చివికిన ఎరువును మూడు నుంచి ఐదు సెంటీమీటర్ల మందాన పరచండి. బాగా చివికినదని ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, నేల చల్లబడే కొద్దీ అందులోని సూక్ష్మజీవుల పని నెమ్మదిస్తుంది. వేసవిలోలాగా పచ్చి ఎరువు త్వరగా మాగి మొక్కకు అందదు. తవ్వడం నేల పదును మీద, అంటే మరీ తడిగానూ మరీ పొడిగానూ కాకుండా ఉన్నప్పుడే చేయాలి. తడి మట్టిని తొక్కితే గడ్డకట్టిపోయి కాలమంతా వేళ్లకు ఊపిరి ఆడదు.

ఇక విత్తనాలు. చల్లదనాన్ని ఇష్టపడే పంటలను వేడి నేలలో మొలిపించడమే ఇక్కడి చిక్కు. నేల వేడి 30 డిగ్రీల దగ్గరికి చేరితే సలాడ్‌లో పచ్చిగా తినే లెట్యూస్ ఆకుకూర విత్తనం నిద్రలోకి జారుకుంటుంది, పాలకూర కూడా సరిగా మొలవదు. వీటిని నీడలో ట్రేల్లో మొలిపించి నాటుకోవచ్చు. లెట్యూస్ విత్తనాన్ని లోతుగా వేయకండి, అది మొలవడానికి వెలుతురు తోడ్పడుతుంది. క్యారెట్‌ను మాత్రం నారు పోసి నాటకూడదు, తల్లివేరు దెబ్బతిని దుంప చీలిపోతుంది. అది మొలవడానికి వారం నుంచి మూడు వారాలు పడుతుంది, అన్నాళ్లూ పైమట్టి ఒక్క పూట కూడా ఎండకూడదు. నేను విత్తిన వరుస మీద తడి గోనెసంచి కప్పుతాను. ఐదో రోజు నుంచి ఉదయం, సాయంత్రం ఎత్తి చూసి, మొదటి మొలక కనిపించగానే తీసేస్తాను. అదే వరుసలో అక్కడక్కడ ముల్లంగి గింజలు వేస్తే అవి నాలుగైదు రోజుల్లో మొలిచి వరుస ఎక్కడుందో చూపిస్తాయి, క్యారెట్‌కు చోటు కావలసిన వేళకు అవి కోతకు వస్తాయి. తర్వాత మొక్కకూ మొక్కకూ ఐదు సెంటీమీటర్ల ఎడం ఉండేలా పలుచన చేయాలి. ఇది ఎవరికీ ఇష్టం లేని పని, అయినా చేయకపోతే దుంప ఊరదు.

ఉల్లి విషయంలో విత్తన రకం చూడకుండా కొనకండి. ఉల్లిగడ్డ ఊరడం పగటి నిడివిని బట్టి ఉంటుంది. పొట్టి పగటి రకాలకు 10 నుంచి 12 గంటల వెలుతురు చాలు, పొడవు పగటి రకాలకు 14 గంటలకు పైగా కావాలి. స్వల్ప చలి ఉండే తక్కువ అక్షాంశాల్లో ఈ రెండో రకం నాటితే ఎంత పోషించినా ఆకులే మిగులుతాయి. నారు పెన్సిల్ కన్నా లావెక్కితే చలి తగిలి పూతకు పోయే ప్రమాదం ఉంది. వెల్లుల్లికి మెత్తని కాడ రకాలు ఎంచుకోండి, గట్టి కాడ రకాలు ఎక్కువ చలిని కోరతాయి.

క్యాబేజీ కుటుంబం మీద తెల్ల సీతాకోకచిలుకలు, రెక్కల పురుగులు గుడ్లు పెడతాయి. నాటిన రోజే సన్నని వల కప్పితే సగం బాధ తీరుతుంది. నిరుడు ఇదే కుటుంబం ఉన్న మడిలో ఈసారి వేయకండి. ఎండ తగ్గే కొద్దీ నీరూ తగ్గించండి, పెట్టేది ఉదయమే పెట్టండి. రాత్రంతా తడిగా ఉన్న ఆకుకు బూజు తెగులు త్వరగా పడుతుంది. ఎండుటాకులు ఐదారు సెంటీమీటర్ల మందాన కప్పండి, కాండానికి మాత్రం తగలనివ్వకండి.

ఇందాక పదును అన్నాను. అది మాటల్లో చెబితే తెలిసేది కాదు, అందుకే బల్ల మీద మూడు డబ్బాల్లో మట్టి తెచ్చి పెట్టాను. ఒక్కొక్కరు వచ్చి పిడికెడు తీసుకుని గట్టిగా పిసకండి. ముద్దయ్యాక బొటనవేలితో నొక్కండి. ఒకటి ముద్దే కాదు, ఒకటి నొక్కినా జిగురుగా అలాగే ఉంటుంది, ఒకటి మెత్తగా విడిపోతుంది. ఆ మూడోది చేతికి గుర్తుండేలా పట్టి చూడండి.