థీసిస్ ఇంగ్లీషులో ఒక రాజు, ఆ రాజు
(పరిశోధక విద్యార్థుల రచనా శిక్షణ సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

నిర్వాహకులు నాకిచ్చిన అంశం "పరిశోధక విద్యార్థుల ఇంగ్లీషు: లోపాలు, నివారణ". వినగానే ఏదో అంటువ్యాధి గురించి మాట్లాడమన్నట్టు అనిపించింది. నేను వైద్యుణ్ని కాను. చాలా ఏళ్లుగా ఇతరుల థీసిస్ డ్రాఫ్టులు చదువుతున్నాను, అంతకుముందు నాదీ ఒకటి కిందామీదా పడి రాశాను. ఇన్ని చదివాక నాకు అర్థమైంది ఒకటే. మనం గ్రామర్ అని భయపడేదాంట్లో చాలా భాగం గ్రామర్ కాదు. మనకెంత తెలుసు, ఎలా తెలుసు, ఎంతవరకు అనొచ్చు అన్న లెక్క అది.

ముందు నా సంగతి చెబుతాను. నా మొదటి పేపరు వెనక్కి వచ్చింది. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లెవరికైనా చూపించమని రివ్యూయర్, అంటే జర్నల్ తరఫున పేపరు పరిశీలించేవాడు, రాశాడు. సరేనని డబ్బు కట్టి ఒక ఎడిటర్‌తో దిద్దించుకున్నాను. దిద్దిన ప్రతి చదువుకుని మురిసిపోయాను, ఇది నేనే రాశానా అనిపించింది. నిజంగానే నేను రాయలేదు! నేను "మే బీ అసోసియేటెడ్ విత్" అన్నచోట ఆయన "లీడ్స్ టు" అని మార్చాడు. వాక్యం చిన్నదైంది, చదవడానికి హాయిగా ఉంది. కానీ రెండు విషయాలు కలిసి కనిపిస్తున్నాయన్న నా మాట కాస్తా, ఒకటి రెండోదానికి కారణమన్న మాటగా మారిపోయింది. నా కంట పడలేదు. రెండోసారి చూసిన రివ్యూయర్ కంట పడింది. ఈసారి భాష గురించి ఒక్క ముక్క లేదు, ఈ నిర్ధారణకు మీ డేటాలో ఆధారం ఎక్కడ అని అడిగి తిరస్కరించాడు. కొన్నాళ్లు ఆ ఎడిటర్‌ని తిట్టుకున్నాను. పేపరు మీద ఉన్నది నా పేరే కదా, ఎన్నాళ్లని తిట్టను?

భాష భారం కాదని నేననడం లేదు. 2023లో తత్సుయా అమానో అనే పరిశోధకుడి బృందం ఎనిమిది దేశాలకు చెందిన 908 మంది పర్యావరణ శాస్త్రవేత్తలను అడిగి పీఎల్ఓఎస్ బయాలజీ అనే జర్నల్లో ఒక పరిశీలన ప్రచురించింది. ఇంగ్లీషు మాతృభాష కానివాళ్ల పేపర్లు రాత బాగాలేదన్న కారణంతో తిరస్కరణ పాలవడం దాదాపు రెండున్నర రెట్లు ఎక్కువ. ఇంగ్లీషు బాగుచేసుకు రమ్మనడం పన్నెండున్నర రెట్లు ఎక్కువ. అంతకుముందు 2016లో అకడమిక్ రాత మీద పరిశోధన చేసే కెన్ హైలండ్ ఇంకోలా వాదించారు: అకడమిక్ రాత మాతృభాషీయులకూ పుట్టుకతో రాదు, వాళ్లూ నేర్చుకోవాల్సిందే, కాబట్టి దీన్ని భాషాపరమైన అన్యాయం అనడం సరికాదని. ఆయన చెప్పినదాంట్లో మొదటి సగం ఒప్పుకుంటాను. అమానో లెక్కలు చూశాక రెండో సగం మింగుడుపడదు.

ఇక అందరూ వణికే విషయానికి వద్దాం. 'ఎ', 'ద'. తెలుగులో ఆర్టికల్స్ లేవు కాబట్టి మనకు రావని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. కానీ చిన్నప్పుడు విన్న కథ గుర్తుచేసుకోండి. అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ఏడుగురు కొడుకులు. మొదటిసారి 'ఒక', వినేవాడికి పరిచయమయ్యాక 'ఆ'. "అనగనగా ఆ రాజు" అని మొదలుపెడితే ఏ రాజు అని పిల్లాడు అడ్డుపడతాడు. రివ్యూయర్ చేసేదీ అదే పని. మూడో అధ్యాయంలో ఉన్నట్టుండి "ద మోడల్" అంటారు, ఏ మోడల్ అని మార్జిన్‌లో ప్రశ్న గుర్తు పడుతుంది. ఈ ఒక్క చిట్కాతో అన్ని ఆర్టికల్స్ కుదురుకోవు. లెక్కపెట్టలేని నామవాచకాలు, జాతిని మొత్తంగా చెప్పే వాడుకలు, ఇంకా చాలా గొడవలున్నాయి. వాటితో నేనూ ఇప్పటికీ తడబడతాను. అయితే సగం తప్పులు ఈ రాజు దగ్గరే తేలిపోతాయి.

ఆ చిన్న 'ఎ'కి ఎంత బరువుంటుందో చూడండి. 1953 ఏప్రిల్ 25న శాస్త్ర పత్రిక నేచర్‌లో వాట్సన్, క్రిక్‌ల డీఎన్ఏ పేపరు వచ్చింది. మొదటి వాక్యంలో వాళ్లు "ఎ స్ట్రక్చర్" సూచించదలచుకున్నామన్నారు. 'ద స్ట్రక్చర్' కనుగొన్నామనలేదు. అప్పటికే పాలింగ్, కోరీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఇంకో నిర్మాణం ప్రతిపాదించి ఉన్నారు, రెండో పేరా వాళ్ల ప్రస్తావనతోనే మొదలవుతుంది. కాబట్టి తమది ఒక నిర్మాణం మాత్రమే. అంత పెద్ద సంగతి చెబుతూ వాడిన క్రియ 'సజెస్ట్'.

మన డ్రాఫ్టుల్లో ఆ క్రియ ఎక్కడ? అంతా 'ప్రూవ్డ్'. ఒకసారి ఒక అమ్మాయి థీసిస్‌లో "ఇట్ ఈజ్ ప్రూవ్డ్ దట్" అని మొదలైన వాక్యం దగ్గర ఆగాను.

"ఇదేమిటో తెలుగులో చెప్పమ్మా" అన్నాను.

"ఈ ఎరువు వేసిన మొక్కలు కొంచెం ఎక్కువ పెరిగినట్టున్నాయి సార్. అదీ ఒక్క సీజన్‌లోనే."

"మరి ప్రూవ్డ్ అని ఎందుకు రాశావు?"

"అలా రాస్తే గట్టిగా ఉంటుందని సార్."

తెలుగులో ఆమె ఎంత జాగ్రత్తగా మాట్లాడిందో గమనించారా? వాన పడింది, వాన పడిందట, వాన పడినట్టుంది, వాన పడి ఉండొచ్చు. నాలుగూ ఒకటి కాదని మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. 'పడింది' అంటే నాకు తెలుసు. 'పడిందట' అంటే ఎవరో చెప్పారు, ఇంగ్లీషులో అక్కడ 'రిపోర్టెడ్' అని రాసి, ఎవరు చెప్పారో సైటేషన్ పెట్టాలి. నేల తడి చూసి 'పడినట్టుంది' అంటే అది అచ్చంగా 'సజెస్ట్'. 'ఉండొచ్చు' అంటే 'మే'. ఈ వివేకం నోట్లో పెట్టుకుని, థీసిస్ తెరవగానే 'ప్రూవ్డ్' అంటాం. ఇంగ్లీషంటే గట్టిగా మాట్లాడే భాష అని ఎవరు చెప్పారో మనకు!

తెలుగు నుంచి ఇబ్బంది తెచ్చుకునే చోటూ ఉంది. "మట్టి నమూనాలు సేకరించి, ఆరబెట్టి, జల్లెడ పట్టి, తూచి, సీసాల్లో భద్రపరిచాం." అయిదు పనులు జరిగాయి, ముగించిన క్రియ ఒక్కటే. మనకు చక్కగా ఉంటుంది. దీన్నే "ఆఫ్టర్ కలెక్టింగ్ అండ్ డ్రయింగ్ అండ్ హావింగ్ సీవ్డ్" అంటూ లాగితే, అసలు క్రియ కోసం వెతుక్కునే లోపు చదివేవాడి ఓపిక అయిపోతుంది. రెండు మూడు వాక్యాలుగా తెంచేయండి. అలాగే 'గురించి చర్చించాం' లోంచి 'డిస్కస్డ్ అబౌట్' వచ్చి పడుతుంది, ఆ అబౌట్ తీసేస్తే సరి. తమాషా ఏమిటంటే 'చేయబడినది', 'గమనించబడినది' అనే తెలుగును ఇంగ్లీషు నుంచి తెచ్చుకుని మోస్తున్నాం. నేచర్ జర్నళ్లేమో కర్తరి వాక్యాలే రాయండి, 'వీ' అని అనండి అంటున్నాయి.

ఇంట్రడక్షన్ గురించి ఒక మాట. భాషా పరిశోధకుడు జాన్ స్వేల్స్ 1990లో దాన్ని మూడు అడుగులుగా చూపించారు: రంగం ఏమిటి, అందులో ఖాళీ ఎక్కడుంది, ఆ ఖాళీని నేనెలా నింపుతున్నాను. మొదటిదీ మూడోదీ మనవాళ్లు బాగానే రాస్తారు. రెండో దగ్గర నోరు పెగలదు, పెద్దల పనిలో లోటు ఎత్తిచూపాలి కదా. కొందరు ఆ అడుగే వేయరు, ఇంకొందరు "ఇంతవరకు ఎవరూ పట్టించుకోలేదు" అని ఒక్క ఊపులో అందర్నీ తుడిచేస్తారు. వాళ్లు ఎంతవరకు చూశారో నిజాయితీగా చెప్పండి. అక్కడ గీత గీస్తే ఖాళీ దానంతటదే కనిపిస్తుంది.

అరువు వాక్యాల సంగతి చెప్పకపోతే సదస్సు పూర్తి కాదు. ఎవరి పేపరులోనో వాక్యం తీసుకుని, నాలుగు మాటలు మార్చి అతికించడాన్ని రచనా బోధన మీద పరిశోధించిన రెబెకా మూర్ హోవర్డ్ ప్యాచ్‌రైటింగ్ అన్నారు. ఆమె దాన్ని దొంగతనంగా కాక నేర్చుకునే దశగా చూశారు. నాకూ అలాగే అనిపిస్తుంది, కానీ కాపీని పట్టే సాఫ్ట్‌వేర్‌కి అలా అనిపించదు. నేను చేసిన పని చెబుతాను. నచ్చిన పేపర్ల లోంచి విషయం తీసేసి, చట్రం మాత్రం ఒక నోటుబుక్కులో ఎక్కించేవాణ్ని. "ఇన్ కాంట్రాస్ట్ టు ఫలానా, వీ ఫౌండ్ ఫలానా" ఇలా. మాంచెస్టర్ విశ్వవిద్యాలయం వాళ్ల అకడమిక్ ఫ్రేజ్‌బ్యాంక్ ఇలాంటి చట్రాలనే ఆన్‌లైన్‌లో ఉంచింది.

ఏఐ వాడొచ్చా అని ఇందాక బయట ఎవరో అడిగారు. మీ సంస్థ, మీ జర్నల్ నియమాలు ముందు చూసుకోండి. వాడితే నా ఎడిటర్ కథ గుర్తుంచుకోండి, అది కూడా 'మే'లను మింగేసి వాక్యాన్ని నున్నగా చేసిపెట్టగలదు. పాత ప్రతి పక్కన పెట్టుకుని క్రియలు పోల్చండి. వాడకపోయినా అనుమానం తప్పకపోవచ్చు. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లు టోఫెల్ అనే ఇంగ్లీషు పరీక్ష కోసం రాసిన 91 వ్యాసాలను, ఏఐ రాతను పట్టే ఏడు డిటెక్టర్లతో పరీక్షిస్తే, మనుషులు రాసిన ఆ వ్యాసాలను అవి సగటున 61 శాతం సార్లు యంత్రం రాసినవని తేల్చాయి. తేలికైన, పరిమితమైన మాటలతో రాయడమే ఆ రాసినవాళ్ల నేరం. అందుకే మీ డ్రాఫ్టులు తేదీలతో సహా దాచుకోండి.

సరే, టీకి ఇంకా అరగంట ఉంది. తెచ్చుకున్న డ్రాఫ్టులు బయటికి తీయండి. రిజల్ట్స్ మొదటి పేజీ చాలు. ప్రతి క్రియ కింద గీత గీసి, పక్కన తెలుగులో రాయండి: పడింది, పడిందట, పడినట్టుంది, పడి ఉండొచ్చు. ఏది రాయాలో తేలనిచోట చెయ్యెత్తండి, నేను వస్తాను.